పొలిమేరవద్ద ఆగు పరిచర్య

1940వ సంవత్సరము జనవరి 1వ తేదీన టెక్సాసు రాష్ట్రములోని స్పర్ అను చిన్న పట్టణమునుండి ఒక కారు బయలుదేరెను. దానిని తెచ్చినవాడు కాలిఫోర్నియాలోని మేరీస్‌విల్ నివాసియగు ఎడ్వర్డ్సు. ఆతనివెంట వచ్చుచున్నవాడు ఆతని బావమరది డంకన్. డంకనునకు పనిలేదు. బయలుదేరునపుడు చేతనున్నవి 20 డాలర్లు. జనవరి 5వ తేదీన మేరీస్‌విల్ చేరుసరికి అవియు వ్యయమైపోయినవి. బీదవాడని తెలిసియు పరరాష్ట్రీయుని లోనికి తెచ్చుట నేరమని నాడు కాలిఫోర్నియాలో నొక శాసనముండెను. బావమరదిని ఇంటికి దెచ్చుకొన్న నేరమునకు ఎడ్వర్డ్సునకు ఆరునెలల ఖైదు విధించి, శిక్ష యమలును నిలిపియుంచిరి. ఆతడు సుప్రీంకోర్టుదాక పోయెను. 1941 నవంబరు 24వ తేదీన ఆ న్యాయస్థానము ఆ శాసనమును ఏకగ్రీవముగ కొట్టివైచెను.

ఈ వ్యాజ్యమును మేమిప్పుడు జ్ఞప్తికి దెచ్చుటకు కారణము కలదు. నాటినుండి అమెరికాలో బీదవాని కాలికి సంకెల లేదు. ఎచటినుండి ఎచటికైనను పోవచ్చును. కాని తనంతట తాను లేవలేనివానికి, స్నానము చేయలేనివానికి, ముద్ద నోటికి తెచ్చుకొనలేనివానికి పోవుటయన నేమి? వానితోగూడ వానికి చేయూతనిచ్చు మనిషి రావలయును. ఆ మనిషికి కూలినిచ్చు ధనము రావలయును. ఆ ధనము రాష్ట్రపు పొలిమేరవద్ద ఆగిపోవుచున్నది. మనుష్యుని ఆపరాదని న్యాయస్థానము చెప్పినది నిజమే. వాని చేతికఱ్ఱను ఆపుచున్నవారి సంగతియే మాకు విచారము గలిగించుచున్నది.

సముద్రములకావలి మాట మనకేల యని మా పాఠకులలో కొందఱు అడుగవచ్చును. కృష్ణా గుంటూరు గోదావరి మండలములలో గాని, హైదరాబాదు వరంగల్లులలో గాని, బిడ్డల నొకరినైన అమెరికాకు పంపని వీధి నేడు అరుదు. మొదటితరమున పోయినవారు అచటనే వృద్ధులైరి. తరువాత పోయినవారు తలిదండ్రులను పిలిపించుకొనిరి. పుట్టిన బిడ్డలలో అవయవలోపముగలవారు, బుద్ధివికాసము కుంటువడినవారు ఏ జాతియందైన నుండునట్లే మనవారియందును గలరు. ఉద్యోగము పోయి మఱియొక రాష్ట్రమున మఱియొక యుద్యోగము దొరకుట ఆ దేశమున నిత్యవ్యవహారము. ఆరోగ్యవంతులకు అది పెట్టెలు సర్దుకొనుట. మంచముపట్టిన తల్లిగల యింటికి అది యేమియో ఇచటి బంధువులకు తెలియవలయునని మా యుద్దేశము. మెడికేర్, మెడికెయిడ్ అను రెండు పేరులు వినియు, వానిలోని భేద మెఱుగనివారు పెక్కుమంది.

ఆ రెండును 1965 జూలై 30వ తేదీన, అధ్యక్షుడు జాన్సను ఒక్క సంతకముతో శాసనములైనవి. అందువలననే కాబోలు జనులు వానిని కవలపిల్లలని భావింతురు. మెడికేర్ ముఖ్యముగ 65 ఏండ్లు నిండినవారికి, అది కేంద్రప్రభుత్వముది, దేశమంతట నొక్కటే. వైద్యుని, ఆసుపత్రిని చూచుకొనును. ప్రతిదినము వచ్చి మంచమునుండి లేపి, తలదువ్వి, గంజి త్రాగించు మనిషికి సంవత్సరములతరబడి అది కూలినియ్యదు. ఆ పని మెడికెయిడుది. మెడికెయిడ్ బీదలకు, వికలాంగులకు. సుమారు 7 కోట్లమంది దానినాశ్రయించియున్నారు. అది కేంద్రముయొక్కయు రాష్ట్రములయొక్కయు పొత్తువ్యవసాయము. సామాన్యవ్యయమున కనీసము సగము కేంద్రమిచ్చును. బీదరాష్ట్రములకు అంతకంటె నెక్కువ. కాని ఎవరికీయవలెను, ఎంతయీయవలెను, ఎన్నిగంటలు, ఎవరిద్వారా అను విషయములు చాలవఱకు రాష్ట్రముల యిచ్ఛ. అరిజోనా రాష్ట్రము ఈ పొత్తులో చేరుటకే 1982వఱకు పట్టినది. కావున మెడికెయిడ్ అను పేరు ఒకటేగాని, ఆ పేరుతో ఏబదికి మించిన వేఱువేఱు వస్తువులు చెలామణి యగుచున్నవి. కాలిఫోర్నియాలో దాని పేరుకూడ వేఱు.

మూలశాసనమునందే ఒక వంకర యున్నది. వయోజనుడగు రోగిని నర్సింగు హోములో పెట్టిన దాని వ్యయమును ప్రతి రాష్ట్రమును భరించి తీరవలయును, అది విధి. అదే రోగిని వాని యింటనే యుంచి పరిచర్య చేయించుట చాలవఱకు రాష్ట్రముల ఐచ్ఛికము. ఆసుపత్రి నిర్బంధము, ఇల్లు దయ. ఈ విపరీతము దేశమునకు తెలిసినది కేటీ బెకెట్ అను నొక చిన్నపిల్లవలన. అయోవా రాష్ట్రమునకు చెందిన ఆ బిడ్డ పసితనమున మెదడువాపు జబ్బుచేసి, శ్వాసకు యంత్రము నాశ్రయించి ఆసుపత్రిలో పెరిగినది. ఇంటికి తీసికొనిపోవచ్చునని వైద్యు లనిరి. ఇంటికిపోయిన వ్యయము చాల తగ్గును. కాని ఇంటికిపోయిన మెడికెయిడ్ ఆగును! 1981 నవంబరులో అధ్యక్షుడు రీగను పత్రికాప్రతినిధులయెదుట ఈ వింతను స్వయముగ చెప్పెను. ఆ పిల్ల ఇల్లుచేరినది; 2012లో, 34వ యేట మరణించువఱకు తనవంటివారి పక్షమున పనిచేసినది. అదే 1981లో అమెరికా కాంగ్రెసు సాంఘికభద్రతా శాసనమున 1915(సి) అను సెక్షనును చేర్చి, కోరిన రాష్ట్రములు సామాన్యనియమములనుండి మినహాయింపుపొంది ఇంటివద్ద పరిచర్య చేయించుటకు అనుజ్ఞ నిచ్చినది. వీనినే నేడు వేవరులందురు. ఇట్టివి దేశమున 250కి పైబడి యున్నవి.

మంచిపనియే. కాని మినహాయింపు మినహాయింపే గదా. ఏ రాష్ట్రమైనను తన వేవరులో ఇన్ని స్థానములేయని లెక్క గీయవచ్చును. స్థానములు నిండిన తరువాత వచ్చినవారు పట్టికలో పేరు వ్రాయించుకొని కూర్చుండవలయును. 2024లో దేశమున నిట్లు కూర్చున్నవారు సుమారు 7 లక్షలమందియనియు, నాడు సగటున వేచియుండుకాలము మూడేండ్లకు పైబడియుండెననియు ఈ విషయమును పరిశీలించు కె.ఎఫ్.ఎఫ్. సంస్థవారి లెక్కలు తెలుపుచున్నవి. కొన్ని రాష్ట్రములు అర్హత విచారింపకయే పేరులు వ్రాసికొనుటచే ఈ సంఖ్యలో కొంత పొల్లు ఉండవచ్చును. పొల్లు తీసివేసినను మిగులు గింజలు తక్కువగావు. ఒక రాష్ట్రమున ఎనిమిదేండ్లు వేచి స్థానము సంపాదించినవాడు సరిహద్దు దాటెనా, ఆ ఎనిమిదేండ్లును గంగలో కలిసినట్లే. క్రొత్తరాష్ట్రమున వాడు నిన్న జబ్బుపడినవానివెనుక నిలువవలసినదే.

మనవారికి మిగుల పరిచితమైన దారినే ఉదాహరణముగ దీసికొందము. కాలిఫోర్నియాలోని శాన్‌హోసే ప్రాంతమునుండి టెక్సాసులోని డాలసు ప్రాంతమునకు పోవు తెనుగుకుటుంబములు తక్కువగావు. ఇంటిధరలు తక్కువ, ఆదాయముపై రాష్ట్రపు పన్ను లేదు, స్నేహితులు, దేవాలయములు, కందిపప్పు సమృద్ధి. ఇట్టి యింట 24 ఏండ్ల కుమారుడు ఆటిజముతో నున్నాడనుకొనుడు. కాలిఫోర్నియాలో 1969 నాటి లాంటర్మన్ శాసనమున నట్టివానికి సహాయము హక్కు. 21 ప్రాంతీయకేంద్రములు దానిని నడపుచున్నవి. ఇది గాక ఇంటిపరిచర్య పథకము క్రింద, అవసరమునుబట్టి నెలకు 283 గంటలవఱకు కూలినిచ్చుట కలదు. ఆ కూలిని తల్లియే తీసికొని కుమారుని చూచుకొనవచ్చును. ఉద్యోగము మాని బిడ్డనుచూచు తల్లికి అది ఎంత యాసరాయో వేఱుగ చెప్పనక్కఱలేదు. ఆ కుటుంబము టెక్సాసు చేరినపిమ్మట, బుద్ధివికాసలోపము గలవారికై అచటనున్న పెద్దవేవరులో పేరు వ్రాయించుకొనవలయును. ఆ పట్టికలో పదేండ్లకు పైబడి వేచినవారు కలరు. ఇతరద్వారములచేత కొన్ని గంటల సహాయము దొరకవచ్చును. దానిని మేము లేదనుట లేదు. కాని తండ్రికి 45వ యేట దొరకిన యుద్యోగమునకై కుమారుని యౌవనమంతయు పట్టికలో పెట్టవలసివచ్చుచున్నది. లేదా తండ్రి యొకచోట, తల్లీకొడుకు లొకచోట. ఇట్లు చీలి బ్రదుకుచున్న కుటుంబములు కలవు. సైనికుల కుటుంబములగతి మఱింత కష్టము. వారికి పోవుట ఆజ్ఞ గాని ఇచ్ఛ గాదు. వికలాంగులగు బిడ్డలతో ప్రతి రెండుమూడేండ్లకు క్రొత్త పట్టికకు అడుగున చేరుచుందురు.

ఆస్తినియమముల చిత్రము వేఱు. వృద్ధులకు, వికలాంగులకు పెక్కు రాష్ట్రములలో ఆస్తి 2,000 డాలర్లు మించరాదు. ఈ యంకెకు మూలమైన కేంద్రప్రభుత్వపు సహాయపథకమున నది 1989నుండి మాఱలేదు. ఈలోగా రొట్టెధర ఎంతమాఱినదో చెప్పనేల. ఇల్లినాయిసులో 17,500. కాలిఫోర్నియా 2024 జనవరి 1వ తేదీన ఆస్తిపరీక్షనే యెత్తివేసి, 2026 జనవరి 1నుండి 1,30,000 డాలర్ల హద్దుతో మరల పెట్టినది. ఒక ముదుసలి ఒక రాష్ట్రమున చట్టమునకు లోబడి 50,000 డాలర్లు దాచుకొనవచ్చును. విమానము దిగినచోట ఆమె ధనవంతురాలు! ఆదాయమునందును అంతే. కొన్నిచోట్ల నెలకు నిర్ణీతపుహద్దు — 2025లో అది 2,901 డాలర్లు — ఒక్క డాలరు మించిన నొక ప్రత్యేక ట్రస్టు వ్రాయించిన గాని అర్హత లేదు. మఱికొన్నిచోట్ల మించిన ధనమును వైద్యమునకు వ్యయపఱచినచో చాలును. ఏ యూర ఏ ధర్మమో తెలిసికొనుటకు వకీలు కావలయును. వకీలునకు ధనము కావలయును. ధనమున్నచో మెడికెయిడ్ లేదు.

ఇక మధ్యకాలపు సంగతి. రెండు రాష్ట్రముల మెడికెయిడ్ ఒక్కమారు పొందరాదు. సాధారణముగ పాతది ఆగినగాని క్రొత్తది మొదలుగాదు; క్రొత్తరాష్ట్రమున అడుగుపెట్టి అచటనే నివసింతునని చెప్పినగాని దరఖాస్తునకు బలము లేదు. దరఖాస్తును విచారించుటకు 45 దినములు. వికలాంగత నిర్ణయింపవలసివచ్చిన 90 దినములు గడువు. ఆపైన నర్సు వచ్చి, ఈతడు లేవగలడా, కూర్చుండగలడా యని తూచవలయును. పరిచర్యాప్రణాళిక వ్రాయవలయును. పనిచేయు మనిషిని వెదకవలయును. ఆ కూలికి మనుష్యులు దొరకుట యొక పెద్దకష్టము. ఈ దినములలో ఆ రోగిని ఎవరు లేపుదురు? సొంతధనముతో మనిషిని పెట్టుకొనవచ్చునందురేమో. ఇంటిపరిచారకురాలికి గంటకు 30 డాలర్లకు పైబడుచున్నది. చట్టమనుమతించిన 2,000 డాలర్ల యాస్తియంతయు 66 గంటలకు సరి. దినమునకు 8 గంటలచొప్పున ఎనిమిది దినములు. తొంబదవదినమునకు ఎనుబదిరెండు దినములు మిగిలియున్నవి. పక్కమీద ప్రక్కకు తిప్పువారు లేనిచో వీపున పుండుపడుటకు అంతకాలమక్కఱలేదు.

దరఖాస్తునకు ముందటి మూడునెలల వ్యయమునకును మెడికెయిడ్ వెనుకకు పనిచేయు నియమమొకటి కలదుగదా యని తెలిసినవారు అడుగుదురు. కలదు, వైద్యుని బిల్లునకు, ఆసుపత్రి బిల్లునకు నది చాల మేలుచేసినది. వేవరు క్రింది ఇంటిపరిచర్యకు మాత్రము ప్రణాళిక మంజూరుకాక పూర్వపుదినములకు అది వర్తింపదు. ఆ యున్న మూడునెలలనైనను 2025 జూలై 4వ తేదీన సంతకమైన శాసనము తగ్గించినది: 2027 జనవరి 1నుండి కొందఱికి ఒక నెల, తక్కినవారికి రెండునెలలు. ఆ శాసనమువలన పదేండ్లలో మెడికెయిడునకు కేంద్రమిచ్చు ధనము 90,000 కోట్ల డాలర్లకు పైబడి తగ్గునని కాంగ్రెసు ఆయవ్యయకార్యాలయమువారి యంచనా. ధనము తగ్గినప్పుడు రాష్ట్రములు దేనిని కోయును? విధిని కోయవీలులేదు, ఐచ్ఛికమును కోయును. నర్సింగు హోము నిలుచును. ఇంటిపరిచర్య కత్తిక్రిందికి వచ్చును. దీనికి జోస్యులక్కఱలేదు.

న్యాయస్థానములు ఊరకుండెనా? ఉండలేదు. క్రొత్తగ వచ్చినవారు ఒక సంవత్సరము నివసించినగాని సహాయమీయమను నియమములు 1969లో షపీరో వ్యాజ్యమున కొట్టుపడినవి. 1974లో అరిజోనాలోని మారికోపా కౌంటీ, న్యూమెక్సికోనుండి వచ్చిన ఉబ్బసరోగికి సంవత్సరము నిండలేదని వైద్యము నిరాకరింపగా, అదియు చెల్లదని తేలినది. 1999 మే 17వ తేదీన, క్రొత్తవారికి వారి పాతరాష్ట్రపు మేరకే యిత్తుమన్న కాలిఫోర్నియాశాసనము సాయెంజ్ వ్యాజ్యమున వీగినది. సరిగ 36 దినములకు, జూన్ 22వ తేదీన, జార్జియా రాష్ట్రపు ఇరువురు స్త్రీలు తెచ్చిన ఓంస్టెడ్ వ్యాజ్యమున, ఇంట నుండదగినవారిని నిష్కారణముగ సంస్థలలో నిర్బంధించుట 1990 నాటి వికలాంగుల శాసనమునకు విరుద్ధమగు వివక్షయని అదే న్యాయస్థానము చెప్పినది. మొదటితీర్పు పోవచ్చుననినది. రెండవతీర్పు ఇంటనుండవచ్చుననినది. పోయి యింటనుండవచ్చునను మాటమాత్రము ఏ తీర్పునందును పూర్తిగ లేదు. పైగా పట్టిక న్యాయమైన వేగముతో కదలుచున్నచో రాష్ట్రమునకు దోషములేదని ఓంస్టెడ్ తీర్పే చెప్పినది. ఒక సంవత్సరము ఆగుమని శాసనము వ్రాసిన నది చెల్లదు. పదేండ్లు ఆగుమని పట్టిక చెప్పిన చెల్లుచున్నది. నివాసకాలమునుబట్టి యెవరినీ త్రోసిపుచ్చరాదని మెడికెయిడ్ నియమములలో స్పష్టముగ నుండియు, వరుస అను పేరున ఆ పనియే జరుగుచున్నది. దీనిని మేము ధర్మమనజాలము.

ప్రతిపక్షమువారి వాదమును మేము తేలికగ త్రోసివేయుట లేదు. ఒక రాష్ట్రము ఎక్కువ పన్నువేసికొని తనవారికి మంచిపరిచర్య నేర్పఱచుకొన్నది. తలుపు తెఱచియుంచిన పొరుగువారందఱును వచ్చిపడుదురు; పదేండ్లుగ వేచియున్న స్థానికుని త్రోసి నిన్న వచ్చినవానిని కూర్చుండబెట్టుట న్యాయమా? ఈ ప్రశ్న రెండవభాగము నిజముగ బరువైనది. పట్టికలో నున్నవానికి అన్యాయము చేసి వలసవచ్చినవానికి న్యాయము చేయుట మా మతము కాదు. మొదటిభాగముమాత్రము పాతపాటయే. 1662లో ఇంగ్లండున చేసిన శాసనము, గ్రామమునకు భారమగునని తోచినవానిని 40 దినములలోపల వాని పూర్వపు పారిషునకు తఱిమివేయుట కధికారమిచ్చినది. అప్పుడును ఇదే వాదము. మేరీస్‌విల్‌లో ఎడ్వర్డ్సును శిక్షించినవారిదియు ఇదే. మంచమునున్నవాడు సహాయపు గంటలెక్క చూచి దేశమంతట తిరుగునా? కూతురున్నచోటికి పోవును. భార్య యుద్యోగమున్నచోటికి పోవును. కొట్టు మగనియింటనుండి దూరముగ పోవును. చేతులు కాళ్లు ఆడువారు ఏ కారణములచే నిల్లు మార్చుచున్నారో వీరును ఆ కారణములచేతనే.

రాష్ట్రముల పొలిమేరలను ధనము దాటుట అసాధ్యమని చెప్పువారికి మేము మెడికెయిడ్ నియమములనే చూపుదుము. ఒక రాష్ట్రము తన రోగిని తానే ఏర్పాటుచేసి పరరాష్ట్రములోని సంస్థలో పెట్టించినచో, వాడు పంపిన రాష్ట్రపు నివాసిగనే యెంచబడును. ఆ రాష్ట్రమే ధనము పంపుచుండును. అనగా సంస్థకు పోవువానివెంట ధనము పొలిమేర దాటుచున్నది. కుమార్తెయింటికి పోవువానివెంట మాత్రము దాటదు! కేంద్రసహాయముతో పెంపునకిచ్చిన బిడ్డలు ఏ రాష్ట్రమునకు పోయినను ఆ రాష్ట్రమున మెడికెయిడునకు వెంటనే అర్హులు. దీనిని సాఫీగ నడపుటకు రాష్ట్రములు తమలోతాము ఒడంబడిక చేసికొన్నవి. 21 ఏండ్లలోపు పిల్లలకు వైద్యావశ్యకమైన పరిచర్యను ప్రతిరాష్ట్రము ఈయవలయునను నియమము 1967నుండి కలదు. అందుచే పసివారి విషయమున ఈ కష్టము కొంత తక్కువ. ఇరువదియొకటవ పుట్టినదినమున కష్టము పూర్ణమగును.

మన దేశమునను ఇట్టి చిక్కు ఉండినది. కర్నూలుజిల్లా కూలివాడు పనికి మహబూబ్‌నగరు పోయిన వాని రేషనుకార్డు ఊరనే మిగిలిపోయెడిది. బియ్యము కార్డున్నచోట, ఆకలి మనిషియున్నచోట. 2019 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ తెలంగాణములమధ్యను, గుజరాతు మహారాష్ట్రములమధ్యను ఏ రాష్ట్రపు కార్డునైన ఏ రాష్ట్రపు దుకాణముననైన చెల్లించు నేర్పాటు తొలుత నారంభమై, 2022 జూన్ నాటికి దేశమంతట వ్యాపించినది. వ్రేలిముద్రలు పడకపోవుట మొదలగు చిక్కులు లేకపోలేదు. మా పత్రికయే వానినిగూర్చి వ్రాయకపోలేదు. బియ్యము తూచుటయు మనిషిని లేపుటయు ఒకటి కాదనియు మేమెఱుగుదుము. ఐనను కేంద్రధనముతో నడచు సహాయము మనుష్యుని వెంట నడువగలదనుటకు ఇది దృష్టాంతము. విడిపోయి ఐదేండ్లయిన రెండు తెనుగురాష్ట్రములు నీటిపంపకమున తగవులాడుకొనుచునే ఈ పనిని చేయగలిగినవి. ఏబది రాష్ట్రములు ఒక రాజ్యాంగముక్రింద నున్నచోట ఏల చేయరాదు?

మేము కోరునది గొప్పవిప్లవము కాదు. ఇంటిపరిచర్య నర్సింగు హోముతో సమానముగ ప్రతిరాష్ట్రమునకును విధికావలయునన్నది మూలచికిత్స. అది జరిగిననాడు పట్టికలే యుండవు. స్థానికునికి వలసవచ్చినవానికి తగవును ఉండదు. అది వెంటనే జరుగునని భ్రమపడుటకు నేటి వాషింగ్టను కారణమీయుట లేదు. ఈలోగా పంపిన రాష్ట్రము మూడునెలలపాటు తన పాతప్రణాళిక ప్రకారము వ్యయమును భరించుటయు, ఆ మూడునెలలలో చేరిన రాష్ట్రము విచారణ ముగించుటయు కేంద్రము నిర్బంధింపవచ్చును. పంపు రాష్ట్రమునకు నూతనభారము లేదు. వాడు పోకున్న నెట్లును ఇచ్చునదియే. ఒక రాష్ట్రపు నర్సు తూచి వ్రాసినదానిని రెండవరాష్ట్రము తాత్కాలికముగనైన అంగీకరించుట కేమి యడ్డము? పక్షవాతము సరిహద్దు దాటినంత నయముకాదు గదా. పట్టికలో పాతరాష్ట్రమున వేచిన కాలమును లెక్కకు దెచ్చుట మిగుల వివాదాస్పదము. సైనికకుటుంబములకైన నిది వెంటనే చేయదగినదని మా యభిప్రాయము. తక్కినవారి విషయమున, అట్లు వచ్చువారికై కేంద్రము తన సంపూర్ణవ్యయముతో అదనపుస్థానముల నిచ్చినచో స్థానికులకు నష్టముండదు.

అమెరికాలోని తెనుగుసంఘములవారికి ఒక్కమాట. రెండేండ్లకొకమారు మహాసభలు జరుపుకొని, సినిమాతారలను పిలిపించి, భోజనములు ఘనముగ పెట్టుచున్నారు, సంతోషమే. తమలో మంచముపట్టినవారు, వికలాంగులగు బిడ్డలు గల కుటుంబములు సభలకు రాలేరు గనుక కంటబడరు. వారికి పనికివచ్చునది నియమములు తెలిసిన నలుగురు స్వచ్ఛందసేవకులు. గ్రీన్‌కార్డుపై వచ్చిన తలిదండ్రులకు 1996 నాటి శాసనముచే సామాన్యముగ ఐదేండ్లు కేంద్రపు మెడికెయిడ్ లేదు. కొన్ని రాష్ట్రములు సొంతధనముతో ఇచ్చుచున్నవి. అట్టి రాష్ట్రమునుండి కదలిన ఆ సహాయము ఆగును. ఈ యొక్కమాట ముందు తెలియక ఇల్లు అమ్ముకొని పోయినవారికి పిమ్మట తెలిసి ప్రయోజనమేమి?

పోవుట తప్పనివారు చేయదగినది కొంత కలదు. ఇల్లు చూడకమునుపే, చేరబోవు రాష్ట్రమున మూడు విషయములు విచారింపవలయును: తమకు కావలసిన పరిచర్య వేవరులో నున్నదా, లేక పట్టికకు వీలులేని సామాన్యపథకములో నున్నదా, ఆస్తి ఆదాయముల హద్దులెంత, కుటుంబములోనివారికి కూలి యిత్తురా, అందును భర్తకు భార్యకు ఇత్తురా. వేవరులకు పట్టికలుండవచ్చును గాని సామాన్యపథకములోని పరిచర్యకు అర్హులందఱును హక్కుదారులు. ఈ భేదము తెలిసినవాడు సగము కష్టము దాటినట్లు. పేరు ముందుగ వ్రాసికొందురా యని యడుగవలయును. నివాసము లేనిదే వ్రాసికొనని రాష్ట్రములే యెక్కువగాని అడుగుటకు వ్యయము లేదు. పాతరాష్ట్రపు పరిచర్యాప్రణాళిక, నర్సు వ్రాసిన అంచనా, వైద్యుల పత్రములు ప్రతులు తీసి చేతనుంచుకొనవలయును. మందులు, శ్వాసయంత్రపు సామగ్రి చట్టమనుమతించినంత నిలువచేసికొనవలయును. సాధారణముగ పాతరాష్ట్రపు సహాయము నెలతో ముగియును గావున నెలచివర కదలి, క్రొత్తనెల మొదటిదినముననే దరఖాస్తు పెట్టుట మంచిది. మొదటివారములకై బంధువులలో నెవరు వచ్చి యుందురో ముందే నిర్ణయించుకొనవలయును. సహాయము నిరాకరించినను, గంటలు తగ్గించినను, విచారణ గడువు దాటినను న్యాయవిచారణ కోరు హక్కు ప్రతి రాష్ట్రమునను కలదు. దానికి గడువు నోటీసులోనే యుండును. కార్యాలయమున నోటిమాటగ చెప్పినదానిని నమ్మక, వ్రాతమూలకముగ తీసికొనవలయును.